మారిసు స్టోక్సు చరిత్రము

మన పాఠశాలల మైదానములలో బాస్కెటుబాలు ఆడని విద్యార్థి అరుదుగా నుండును. ఈ యాటను 1891వ సంవత్సరము డిసెంబరు మాసమున అమెరికా సంయుక్తరాష్ట్రములందలి స్ప్రింగుఫీల్డు పట్టణములో జేమ్సు నెయిస్మితు అను వ్యాయామోపాధ్యాయుడు కనిపెట్టెను. మంచు కురియు దినములలో ఆరుబయట ఆడుకొన వీలులేని యువకుల కొరకు ఆయన రెండు పండ్లబుట్టలను ఎత్తుగా కట్టించి, వానిలో బంతి వేయుటయే యాటగా నిర్ణయించి, పదమూడు నిబంధనలు వ్రాసెను. ఆ స్ప్రింగుఫీల్డునందే చదివిన హారీ క్రో బక్కుగారు 1920లో మద్రాసునందు వై. యం. సి. ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించిరి. అచట శిక్షణము పొందిన ఉపాధ్యాయులు దక్షిణదేశమునందలి పెక్కు పాఠశాలలకు ఇట్టి యాటలను గొనివచ్చిరి.

ఈ సంచికలో మేము చెప్పబూనినది ఆ యాటను వృత్తిగా నాడి పేరుగాంచిన మారిసు స్టోక్సు అను ఆటగాని చరిత్రము. అతడు వృత్తిగా ఆడినది మూడు సంవత్సరములు మాత్రమే. పిమ్మట పండ్రెండు సంవత్సరములు కాలుసేతులు స్వాధీనములో లేక వైద్యశాలలలో గడపెను. అతని యాటను గూర్చి మాత్రమే చెప్పి యూరకున్నచో సగము కథ చెప్పినట్లగును. కావున ఆ పండ్రెండేండ్ల వృత్తాంతమును, ఆ కాలమున అతనికి అండగా నిలచిన జాకు ట్వైమను అను సహక్రీడాకారుని వృత్తాంతమును గూడ ఇందు చేర్చుచున్నాము. ఆటలో దెబ్బతిని పడిపోయినవానిని ఎవరు చూడవలెను? జట్టు యజమానులా, ప్రభుత్వమా, తోడి యాటగాండ్రా? ఈ ప్రశ్న ఈ చరిత్రమంతటను మనకు తగులుచునే యుండును.

స్టోక్సు 1933వ సంవత్సరము జూను 17వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమున పిట్సుబర్గు నగరమునకు చేరువనున్న రాంకిను అను చిన్న యూరిలో జన్మించెను. ఆ ప్రాంతము ఉక్కు కర్మాగారములకు ప్రసిద్ధమైనది. అతని తండ్రి అట్టి కర్మాగారములో కూలిపని చేయుచుండెను. తల్లి పరుల యిండ్లలో పనిచేసి సంసారమునకు తోడ్పడుచుండెను. మారిసుకు ఎనిమిదేండ్ల ప్రాయమున ఆ కుటుంబము పిట్సుబర్గు నగరములోని హోమ్‌వుడ్డు అను పేటకు మారెను. వారు నల్లజాతివారు. ఆ కాలమున అమెరికాలోని పెక్కు రాష్ట్రములలో నల్లజాతివారిని తెల్లవారితో కలసి చదువనీయరు, ఒక పూటకూళ్లయింట భుజింపనీయరు, ఒక బల్లపై కూర్చుండనీయరు. పిట్సుబర్గు వంటి ఉత్తరదేశపు నగరములలో అట్టి శాసనములు లేకున్నను, కొలువులందును నివాసములందును భేదభావము మెండుగా నుండెను.

మారిసు వెస్టింగుహౌసు ఉన్నత పాఠశాలలో చదివెను. ఆ పాఠశాలలో అతనికంటె ముందు చదివిన చకు కూపరు అను నల్లజాతి యువకుడు 1950లో నేషనల్ బాస్కెటుబాలు అసోసియేషన్ అను వృత్తి యాటగాండ్ర సంఘపు జట్లు జరుపు ఎంపికలో తీసికొనబడిన మొదటి నల్లజాతివాడయ్యెను. అయినను మారిసు పాఠశాలలో ప్రవేశించిన వెంటనే గొప్ప యాటగాడు కాలేదు. మొదటి రెండు సంవత్సరములు ఆట ఆరంభమునందు బరిలో దిగు అయిదుగురిలో అతనికి చోటు దొరకలేదు. అతడు విసుగు చెందక నేర్చుకొనుచు నుండెను. పిమ్మట చోటు దొరకినది. 1950, 1951 సంవత్సరములలో ఆ పాఠశాల జట్టు నగర విజేతగా నిలచెను. జట్టులో పేరు రానందుకు అభ్యాసము మానివేయదలచు విద్యార్థులు ఈ సంగతిని గమనింతురుగాక.

పాఠశాల విడిచిన పిదప అతడు పెన్సిల్వేనియా కొండలలోని లొరెటో అను గ్రామమునందలి సెయింటు ఫ్రాన్సిసు కళాశాలలో చేరెను. ఇది ఫ్రాన్సిస్కను సన్యాసులు నడపిన చిన్న విద్యాలయము. ఇప్పుడు విశ్వవిద్యాలయముగా నున్నది. స్కిప్పు హ్యూసు అను శిక్షకుని క్రింద అతడు 1951 మొదలు 1955 వరకు అచట ఆడెను. ఆ నాలుగేండ్లలో 2,282 పాయింట్లు చేసెను. ఇట్టి కళాశాల పేరు దేశములో ఎందరికో తెలియదు. స్టోక్సు ఆటవలన పత్రికలవారు లొరెటో గ్రామము ఎక్కడ నున్నదని పటములలో వెదకుకొనవలసి వచ్చెను.

1955లో న్యూయార్కు నగరమున జరిగిన నేషనల్ ఇన్విటేషన్ టోర్నమెంటునకు ఆ చిన్న కళాశాల జట్టు పిలువబడెను. ఆ దినములలో అది కళాశాల జట్లకు మిక్కిలి ఘనమైన పోటీలలో నొకటి. సెమీఫైనలులో డేటను విశ్వవిద్యాలయముతో ఆడిన యాటలో స్టోక్సు ఒక్కడే 43 పాయింట్లు చేసెను. అయినను అదనపు సమయములో అతని జట్టు ఓడిపోయి, తుదకు నాలుగవ స్థానముతో తృప్తి చెందవలసి వచ్చెను. సామాన్యముగా ఉత్తమ క్రీడాకారుని బహుమతి గెలిచిన జట్టువానికే ఇయ్యబడును. కాని ఆ యేడు నాలుగవ స్థానమున నిలచిన జట్టులోని స్టోక్సునకే ఆ బహుమతి లభించెను.

ఆ సంవత్సరమే రోచెస్టరు రాయల్సు అను వృత్తిజట్టు అతనిని రెండవ యెంపికగా తీసికొనెను. ఆ జట్టు చేరియున్న సంఘము 1946లో ఏర్పడినది. 1950 వరకు అందు నల్లజాతి యాటగాడు ఒక్కడును లేడు. కావున స్టోక్సు ఆ సంఘమున ప్రవేశించునాటికి అతని జాతివారు వేళ్లమీద లెక్కింపదగినంత మందియే యుండిరి. ఆ యేడే, అదే జట్టులో, పిట్సుబర్గునందే పుట్టిపెరిగిన జాకు ట్వైమను అను తెల్లజాతి యువకుడును చేరెను. అతడు స్టోక్సుకంటె ఒక యేడు చిన్నవాడు. 1934 మే 11వ తేదీన జన్మించినవాడు. సిన్సినాటి విశ్వవిద్యాలయములో చదివి పేరు తెచ్చుకొన్నవాడు. ఇరువురిదియు ఒక నగరమే యైనను చదివిన పాఠశాలలు వేరు, పెరిగిన యిండ్లు వేరు. ఒక జట్టులో ఆడుటచే మాత్రము వారికి దినదినము కలసి మెలగు అవకాశము కలిగెను.

ఆట తెలియని తల్లిదండ్రుల కొరకు రెండు మాటలు చెప్పవలసియున్నది. బుట్టలో బంతి వేసి పాయింట్లు సంపాదించువానినే ప్రేక్షకులు కొనియాడుదురు. కాని బుట్టలో పడక బల్లకు తగిలి వెనుకకు వచ్చిన బంతిని ఎగిరి పట్టుకొనుట మరియొక గొప్ప పని. దీనికి రీబౌండు అని పేరు. బంతిని తాను వేయక, తనకంటె మేలైన తావున నున్న తోడివానికి అందించి అతనిచే వేయించుట మూడవ పని. దీనిని అసిస్టు అందురు. పొడవైనవాడు రీబౌండులు పట్టుటయు, పొట్టివాడు చురుకుగా బంతి నందించుటయు ఆనాటి వాడుక. స్టోక్సు 6 అడుగుల 7 అంగుళముల పొడవు, సుమారు 240 పౌనుల బరువు గల దేహము కలవాడు. అట్టివాడు చిన్న దేహము గలవానివలె బంతిని తట్టుచు మైదానమంతయు పరుగెత్తి, తోడివారికి అందించుట చూచి జనులు ఆశ్చర్యపడుచుండిరి.

న్యూయార్కు జట్టుతో ఆడిన తన మొదటి వృత్తియాటలోనే అతడు 32 పాయింట్లు చేసి, 20 రీబౌండులు పట్టి, 8 అసిస్టులు అందించెను. ఆ సంవత్సరాంతమున క్రొత్తగా చేరిన యాటగాండ్రలో ఉత్తముడని అతనికి బహుమతి నిచ్చిరి. రెండవ సంవత్సరమున అతడు మొత్తము 1,256 రీబౌండులు పట్టెను. అంతకు పూర్వము ఆ సంఘమున ఒక్క యేటిలో అన్ని పట్టినవాడు లేడు. సిరాక్యూసు జట్టుతో ఆడిన ఒక్క యాటలో 38 రీబౌండులు పట్టెను. ఆడిన మూడేండ్లును అతడు తారల యాటకు ఎంపిక చేయబడెను. 1957లో జట్టు రోచెస్టరు విడిచి ఒహైయో రాష్ట్రమునందలి సిన్సినాటి నగరమునకు మారెను.

ఆ మూడేండ్లలో అతడు ఆడిన యాటలు 202. వానియందు 3,315 పాయింట్లు, 3,492 రీబౌండులు, 1,062 అసిస్టులు అతని పేర లెక్కింపబడినవి. ఆ కాలపరిమితిలో సంఘమంతటను అతనికంటె ఎక్కువ రీబౌండులు పట్టినవాడు లేడు. అతనికంటె ఎక్కువ అసిస్టులు అందించినవాడు బాబు కూజీ ఒక్కడే. ఒకే మనుష్యుడు ఈ రెండు పట్టికలలోను మొదటి వరుసలో నుండుట అపురూపము. అప్పటికి అతని వయస్సు ఇరువదినాలుగేండ్లు. ముందు ఇంకను పదేండ్ల యాట యున్నదని ఎల్లరు తలచుచుండిరి.

1958 మార్చి 12వ తేదీన మినియాపొలిసు నగరమున ఆ యేటి నియత పోటీలలో కడపటి యాట జరిగెను. స్టోక్సు బుట్టవైపు దూకి బంతి వేయబోవు సమయమున ఎదుటి యాటగాడు తగులగా క్రిందపడెను. తల చెక్కనేలకు గట్టిగా కొట్టుకొనెను. అతనికి స్మృతి తప్పెను. ఘాటైన మందు వాసన చూపి అతనిని లేపిరి. కొంతసేపటికి తేరుకొని అతడు మరల ఆటలో ప్రవేశించెను. ఆ దినములలో ఇట్టిది వింతగా నుండెడిది కాదు. పడి లేచి ఆడినవాడే ధీరుడని లోకులు మెచ్చుచుండిరి. తలకు తగిలిన దెబ్బ లోపల నేమి చేయునో యెవరును విచారింపలేదు.

మూడు దినముల తరువాత, మార్చి 15వ తేదీన, డెట్రాయిటు నగరమున జరిగిన యాటలో గూడ అతడు ఆడెను. 12 పాయింట్లు చేసి 15 రీబౌండులు పట్టెను. చూపరులకు అతని దేహములో లోపమేమియు కానరాలేదు. ఆట ముగిసిన పిదప జట్టువారు విమానముపై సిన్సినాటికి తిరిగి వచ్చుచుండగా అతనికి మిక్కిలి అస్వస్థత కలిగెను. దేహమంతయు వంకరలు పోయి మూర్ఛ వచ్చెను. విమానము దిగిన వెంటనే ఒహైయో నదికి ఆవలియొడ్డున నున్న కవింగ్టను పట్టణపు వైద్యశాలకు అతనిని చేర్చిరి. చాల దినములు అతనికి తెలివి రాలేదు.

తెలివి వచ్చిన పిదప అతని యవస్థ మరింత దుస్సహముగా నుండెను. తలకు తగిలిన దెబ్బవలన మెదడులో అవయవములను కదలించు భాగము చెడినది. మెడ మొదలు కాళ్ల వరకు ఏ యవయవమును అతని మాట వినదు. నోటినుండి మాట రాదు. కాని బుద్ధియందు లోపము లేదు. ఎదుటివారు చెప్పునది సర్వము అతనికి తెలియును, వచ్చినవారిని గుర్తించును, గడచినదంతయు జ్ఞప్తియందుండెను. నిన్నటివరకు అంతటి బలవంతుడై మైదానములో దూకినవాడు నేడు తనపై వ్రాలిన యీగను తోలుకొనలేని స్థితికి వచ్చెను.

ఇక ఖర్చుల సంగతి. వైద్యులు, దాదులు, మందులు, దీర్ఘకాలపు వైద్యశాల వాసము, వీనికి పెద్ద మొత్తములు కావలెను. ఆ కాలమున వృత్తి యాటగాండ్రకు దెబ్బతగిలినచో పోషించు భీమా గాని, పింఛను గాని యజమానులు ఏర్పరచియుండలేదు. స్టోక్సు తల్లిదండ్రులు కూలిపనిచే బ్రదుకు నీడ్చువారు, ఉండునది దూరముననున్న పిట్సుబర్గులో. అతడు కూడబెట్టిన కొద్ది ధనము బ్యాంకులో నున్నను, చేవ్రాలు చేయజాలనివాని సొమ్మును ఇతరులు తీసి ఖర్చుపెట్టుటకు చట్టము ఒప్పదు. ఆటల కాలము ముగిసినందున జట్టులోని తోడివారు ఎవరి యూళ్లకు వారు వెడలిపోయిరి. సిన్సినాటిలోనే కాపురముండినవాడు జాకు ట్వైమను.

అప్పటికి ట్వైమనునకు ఇరువదినాలుగేండ్లు నిండలేదు. వివాహితుడు, సంసారభారము కలవాడు. అతడును స్టోక్సును అంతకు మునుపు విడరాని ప్రాణమిత్రులని చెప్పుటకు వీలులేదు. ఒక జట్టులో పనిచేయు తోడివారు, అంతియే. అయినను ఈ పని ఎవరో ఒకరు చేయక తప్పదనియు, ఆ యూర నున్నవాడను నేనే గనుక నాకు తప్పదనియు అతడు నిశ్చయించుకొనెను. న్యాయస్థానమున దరఖాస్తు పెట్టి స్టోక్సునకు చట్టప్రకారము సంరక్షకుడుగా నియమింపబడెను. అప్పటినుండి స్టోక్సు ఆస్తిపాస్తులకును, అప్పులకును, వైద్యమునకును అతడే యుత్తరవాది. నల్లజాతివానికి తెల్లవాడు సంరక్షకుడగుట ఆ దినములలో సామాన్యమైన విషయము కాదు. బహిరంగస్థలములలో జాతిభేదమును నిషేధించిన గొప్ప చట్టము ఆ దేశమున 1964లో గాని పుట్టలేదు. ఇది దానికి ఆరేండ్లు ముందటి మాట.

ట్వైమను మొదట చేసిన పని కాగితముల పని. పనిచేయుచు దెబ్బతిన్న కార్మికునకు నష్టపరిహార మిచ్చు చట్టము ఒహైయో రాష్ట్రమున నుండెను. గనిలో, మిల్లులో పనిచేయువారికి వర్తించు ఆ చట్టము బంతియాట ఆడువానికి వర్తించునా అని సందేహము. ఆటయే అతని కొలువు గనుక, ఆటలో తగిలిన దెబ్బ కొలువులో తగిలిన దెబ్బయే యని ట్వైమను పట్టుపట్టి, ఆ పరిహారమును స్టోక్సునకు దక్కునట్లు చేసెను. ఇది పత్రికలలో పెద్ద యక్షరములతో పడు కార్యము కాదు. అధికారుల యొద్దకు తిరుగుట, వైద్యుల వ్రాతలు సంపాదించుట, జాబులకు జాబులు వ్రాయుట, ఇట్టి విసుగు పుట్టించు పనులే యిందున్నవి. కాని స్టోక్సునకు చికిత్స జరుగుటకు ఈ పరిహారమే ముఖ్యాధారములలో నొకటి యయ్యెను.

అదియు చాలనందున విరాళములు పోగుచేయవలసి వచ్చెను. న్యూయార్కు రాష్ట్రమున కాట్‌స్కిలు కొండలలో కుట్షరు అను వారి విడిదిగృహ ముండెను. ఆ యజమాని మిల్టను కుట్షరు తన స్థలమును ఇచ్చి సాయపడగా, వేసవికాలమున అచట స్టోక్సు సహాయార్థము ఏటేట ఒక యాట జరుపుచు వచ్చిరి. విల్టు చేంబర్లెను మొదలగు సుప్రసిద్ధ క్రీడాకారులు ప్రతిఫలము కోరక వచ్చి ఆడిరి. మైదానములో ఒకరి నొకరు ఓడింప పోరాడువారు ఆ యొక్క దినము ఒకే కార్యమునకై కూడుచుండిరి. టిక్కెట్ల సొమ్ము స్టోక్సు వైద్యమునకు చేరుచుండెను.

మాట రానివానితో మాటలాడుట యెట్లు? దీనికి ట్వైమను ఒక యుపాయము కనుగొనెను. అతడు ఇంగ్లీషు అక్షరములను వరుసగా చెప్పుచుండును; తనకు కావలసిన యక్షరము రాగానే స్టోక్సు కన్నురెప్ప మూసి తెరచును. ఆ యక్షరమును వ్రాసికొని మరల మొదటినుండి చెప్పవలెను. ఒక్కొక్క యక్షరము చేరి మాట, మాటలు చేరి వాక్యము కావలెను. ఒక చిన్న సంగతి తెలియుటకు ఎంత కాలము పట్టునో చదువరులే యూహింతురుగాక. ఒకసారి ఇంట నెవరితోనైన ఈ రీతిని పది మాటలు మాటలాడి చూచినచో, ఇరువురి యోపికయు ఎట్టిదో బోధపడగలదు.

స్టోక్సు తన వంతు పనిని తాను మానలేదు. ప్రతిదినము అంగసాధన చేయించువారు వచ్చి అతని కాలుసేతులను కదలింతురు. ఆ బాధను సహించి అతడు మరల మరల ప్రయత్నించెను. వేలును కొద్దిగా కదలించుటకే ఎన్నో మాసములు పట్టెను. ఏండ్లు గడచిన పిదప పట్టీల సాయమున కొద్ది దూరము అడుగులు వేయగలిగెను. టైపుయంత్రముపై ఒక్కొక్క యక్షరముగా కొట్టి తన భావమును తెలుపగలిగెను. అట్లు వ్రాసిన మొదటి మాటలలో అతడు ట్వైమనునకు తన కృతజ్ఞతను తెలుపుకొనెను. 202 యాటలలో అతడు చూపిన బలముకంటె ఈ పనికి తక్కువ బలము పట్టినదని మేము తలచము. చూడవచ్చినవారు అతని ముఖమున నవ్వు చూచి, ధైర్యము చెప్పవచ్చిన తామే ధైర్యము పొంది మరలుచుండిరని ఎరిగినవారు చెప్పుదురు.

ఇంతలో ట్వైమను తన వృత్తిని విడువలేదు. స్టోక్సు పడిపోయిన మరుసటి యేడు ఆ జట్టు 72 యాటలలో 19 మాత్రమే గెలిచి 53 ఓడిపోయెను. ఒక్క మనుష్యుని లోపము జట్టునకు ఎంత నష్టము తెచ్చెనో దీనివలన తెలియుచున్నది. ఆ భారమును గూడ ట్వైమను పంచుకొనవలసి వచ్చెను. 1959-60 పోటీలలో అతడు సగటున యాటకు 31.2 పాయింట్లు చేసెను. ఆ సంఘమున సగటు 30 దాటినవారు ఆ యేటివరకు లేరు. ఆ యేడు దాటినవారు ఇరువురు, చేంబర్లెను ఒకడు, ట్వైమను ఒకడు. అట్టి యాట ఆడుచు, ఊరూర తిరుగుచు, ఇల్లు చేరినపుడు వైద్యశాలకు పోయి తోడివాని మేలు విచారించుచుండెను. 1966లో ఆట విరమించిన పిమ్మటను ఆ సంరక్షణము మానలేదు. భర్తతోపాటు అతని భార్యయు ఈ భారమును వహించెను.

1970వ సంవత్సరము ఏప్రిలు 6వ తేదీన సిన్సినాటి నగరమున గుండెజబ్బుచే స్టోక్సు మరణించెను. అప్పటికి అతని వయస్సు ముప్పదియారేండ్లు. అతని కోరిక ననుసరించి, తాను చదివిన లొరెటోలోని కళాశాల ఆవరణమున ఫ్రాన్సిస్కను సన్యాసుల శ్మశానవాటికయందు అతనిని సమాధి చేసిరి. అతని పేర ఒక వ్యాయామభవనము అచట వెలసెను. 1973లో ఈ యిరువురి కథ చలనచిత్రముగా గూడ వచ్చెను.

మొదట అడిగిన ప్రశ్నను ఇప్పుడు మరల చూతము. స్టోక్సు పడకపై నుండగానే, 1964 జనవరిలో, బోస్టను నగరమున తారల యాటకు కూడిన క్రీడాకారులు తమకు పింఛను ఏర్పాటు చేయుదుమని మాట యిచ్చినగాని ఆడమని పట్టుపట్టిరి. యజమానులు అంగీకరించిన పిదపనే ఆ రాత్రి ఆట జరిగెను. ఒక్కని కరుణపై ఆధారపడక, ఎల్లరకు హక్కుగా నుండునట్టి ఏర్పాటులు ఇట్లు క్రమముగా వచ్చినవి. స్టోక్సు సహాయార్థము ఆరంభమైన వేసవి యాట అతని మరణానంతరము గూడ నిలిచి, తరువాత గోల్ఫు పోటీగా మారి, బీదరికమున పడిన పూర్వపు క్రీడాకారులకు తోడ్పడెను. ట్వైమను వంటివాడు ప్రతి జట్టునందు నుండడు. కావున దెబ్బతిన్నవానికి నియమము ప్రకారము సాయము చేరుట యవసరము. అయినను నియమము మందుల ఖర్చు నిచ్చును గాని, అక్షరమాల చెప్పుచు ప్రక్కన కూర్చుండదు. ఆ పనికి మనుష్యుడే కావలెను.

గౌరవములు ఆలస్యముగా వచ్చినవి. స్ప్రింగుఫీల్డునందు ఈ యాటయందలి మహనీయుల పేరులు నిలుపు కీర్తిమందిర మున్నది. ట్వైమను పేరు 1983లో అందు చేరెను. స్టోక్సు పేరు 2004లో చేరెను. అప్పటికి అతడు మరణించి ముప్పదినాలుగేండ్లు గడచెను. అతని తరఫున ఆ గౌరవమును అందుకొన్నవాడు ట్వైమనే. 2012 మే 30వ తేదీన ట్వైమను గతించెను. మరుసటి యేడు, 2013లో, ఆ సంఘమువారు ఉత్తమ సహక్రీడాకారునికి ఏటేట ఇచ్చునట్టి యొక బహుమతి నేర్పరచి, దానికి ఈ యిరువురి పేరులను జతగా పెట్టిరి. ఎక్కువ పాయింట్లు చేసినవానికి గాక, తోడివారికి మేలైన తోడుగా నుండినవానికి ఇచ్చు బహుమతి యిది.

మా పాఠకులలో ఆటలాడు బాలబాలికలకు ఒక మాట చెప్పక విడువరాదు. తలకు దెబ్బ తగిలి స్మృతి తప్పినవాడు, తల తిరుగుచున్నదనువాడు, వాంతి వచ్చుచున్నదనువాడు ఆ దినము మరల ఆడరాదు. వెంటనే డ్రిల్లు మాస్టరుతో చెప్పవలెను, ఇంట తల్లిదండ్రులతో చెప్పవలెను, వైద్యునకు చూపవలెను. స్టోక్సు ఆడిన సంఘమందే తలదెబ్బలను గూర్చి నియమములు 2011లో ఏర్పడినవి. వాని ప్రకారము వైద్యుడు పరీక్షించి సమ్మతించినగాని దెబ్బతిన్నవాడు మైదానమున అడుగిడరాదు. దెబ్బను దాచి ఆడుట ధైర్యము కాదు. తోడివాడు దాచుచున్నాడని తెలిసినచో, కోపగించుకొనునేమో యని వెరవక మాస్టరుతో చెప్పుట స్నేహధర్మము.

మారిసు స్టోక్సు మూడేండ్లు ఆడి, పండ్రెండేండ్లు పోరాడెను. జాకు ట్వైమను అతనికొరకు చేసిన పనులలో ఒక్కటియు అసాధ్యమైనది కాదు. కోర్టుకు పోవుట, దరఖాస్తు వ్రాయుట, విరాళము అడుగుట, వైద్యశాలకు పోయి కూర్చుండుట, వీనిని ఎవరైనను చేయవచ్చును. అతడు వానిని పండ్రెండేండ్లు మానకుండ చేసెను. మన తరగతిలో జబ్బుపడి బడికి రానివాని యింటికి పోయి పాఠములు చెప్పి వచ్చు విద్యార్థి యీ దారిలో మొదటి యడుగు వేసినవాడే. అట్టివారు మన పాఠశాలలో ఏటేట పెరుగుదురుగాక యని కోరుచు ఈ చరిత్రమును ముగించుచున్నాము.